అయిదు రూపాయల పసుపు

మా అమ్మ బొటనవేలి ముద్రను నేను చింతపండు పెట్టి తోమేశాను. ఈ సంగతిని ఇంతకన్నా మెత్తగా చెప్పుకునే దారి ఉందేమోనని రెండేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకలేదు. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నేను నిద్రమత్తులో లేను. ఆదివారం పొద్దున స్నానం చేసి, ఉతికిన బనీను వేసుకుని, పీట మీద కూర్చుని, ఒక్కొక్క నాణేన్నీ రెండు వైపులా, అంచులతో సహా, ప్రేమగా తోమాను. మొదలుపెట్టి సగంలో వదిలేయకుండా పూర్తి చేసిన పనులు నా జీవితంలో చాలా తక్కువ. వాటిలో ఇదొకటి కావడం నా ఖర్మ.

ఇబ్రహీంపట్నం బస్టాండు నుంచి నాలుగడుగులు వేస్తే నా పటాల దుకాణం. దేవుళ్ళకీ, పెళ్ళిళ్ళకీ, పోయినవాళ్ళకీ, సన్మానం చేయించుకున్నవాళ్ళకీ అద్దాలు బిగించి ఇస్తాను. ముప్పై ఏళ్ళుగా ఆ పని చేసీ చేసీ, మరక కనిపిస్తే తుడవకుండా ఉండలేని జబ్బు పట్టుకుంది. బస్సులో పక్కసీటు మనిషి కళ్ళజోడు మసకగా ఉంటే నా చెయ్యి జేబులోని గుడ్డ కోసం వెతుకుతుంది. దీన్ని ఇన్నాళ్ళూ పనితనం అనుకున్నాను.

పెళ్ళయిన ఆడపిల్లకు మూడేళ్ళకో అయిదేళ్ళకో పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోయడం మా వైపు తప్పని పద్ధతి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, కొత్త చీర. ఆ బియ్యంలో ఒక రూపాయి పెడతారు. అందరూ చేతికందిన రూపాయి పెడితే మా అమ్మ మాత్రం తన సందుగు పెట్టె అడుగు నుంచి చార్మినారు బొమ్మ ఉన్న నిజాం కాలపు వెండి రూపాయి తీసేది. తడి పసుపులో బొటనవేలు ముంచి, నాణెం మీద గట్టిగా నొక్కి, అక్క ఒడిలో వేసేది. అలా అయిదుసార్లు పోసింది. అక్క దగ్గర అయిదు రూపాయలు చేరాయి. ఆరోసారికి అమ్మ లేదు.

అమ్మ ఇదంతా చేస్తుండగా నేను ఒక్కసారీ చూడలేదు. ఒడిబియ్యం పోసే గదిలో మగవాళ్ళకు పనుండదు. మేము బయట కుర్చీలు వేసుకుని, వంట ఎంతవరకు వచ్చిందో వాసన బట్టి అంచనా కడుతూ కూర్చునేవాళ్ళం.

అక్కను యాచారంలో ఇచ్చారు. ఆమె బిడ్డను రావిర్యాలలో ఇచ్చారు. ఆ బిడ్డకు మొదటి ఒడిబియ్యం పోయడానికి రోజు చూసుకుని, అక్క బస్సెక్కి నా దుకాణానికి వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన చిన్న తెల్లగుడ్డ మూటను బల్ల మీద పెట్టింది.

"చిన్న పెట్టె చెయ్యి తమ్మీ, అద్దం మూత వెట్టి. పోరికి అమ్మ రూపాయిలు ఇస్త. మనుమరాలి ఒడి నింపాలెనని మస్తు ఆశుండె అమ్మకు. గిట్లనన్న దాని ఒడిల వడని."

పెట్టె చెయ్యమంది. అంతే. కడగమనలేదు, కడగొద్దనీ అనలేదు. కడగొద్దని ఒక మనిషికి నోటితో చెప్పాలని ఎవరికి తడుతుంది?

మరునాడు ఆదివారం. ఇంట్లో కొలతలు తీసుకుందామని మూట విప్పాను. అయిదు నల్లటి బిళ్ళలు. వాటి మీద ఎర్రమట్టి లాంటిదేదో ఎండి, పెచ్చుగట్టి ఉంది. సరిగ్గా అప్పుడే మా బావ వచ్చాడు. బావ అంటే నా భార్యకు అన్న. నేనాయనను బావా అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. అయినా ఎవరు ఎవరి మాట వినాలో మా మధ్య ఎప్పుడూ సందేహం లేదు. హయత్‌నగర్‌లో ఆయనకు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉంది. అంతకన్నా ముఖ్యంగా ఒక నాణేల ఆల్బం ఉంది. సిటీలో నాణేల ప్రదర్శన ఎక్కడ జరిగినా వెళ్తాడు. ఫోన్‌లో నాణేలవాళ్ళ గ్రూపులున్నాయి. మా చుట్టాల్లో ఎవరింట్లో పాత పైస బయటపడినా ముందు బావకు చూపించాలి.

ఆయన ఒక రూపాయిని రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు ఎత్తాడు. ఆడపిల్ల ఒడిలో వేసే వస్తువు ఇంత మురికిగా ఉంటుందా అన్నాడు. ఫోన్‌లో ఎవరో నాణేలు తోముతున్న వీడియో చూపించాడు. స్కూటరు డిక్కీలోంచి గిన్నెలు తోమే పౌడరు పాకెట్ తీసి, డబ్బులు అడగకుండా నా చేతిలో పెట్టాడు. బావ ఊరికే ఏదైనా ఇచ్చాడంటే అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

"చింతపండు, ఉప్పు, మీదికెళ్ళి గీ పౌడరు. చార్మినార్ మీద పావురం గూసున్నా కనవడ్తది బావా, తోము."

కుర్చీ వేసుకుని, చాయ్ తాగుతూ, ఎక్కడెక్కడ ఇంకా నలుపుందో వేలు పెట్టి చూపించాడు. అంచులు మరిచిపోతే గుర్తు చేశాడు. నేను తోముతున్నంతసేపూ అక్క మొహంలో కనిపించబోయే సంతోషాన్ని తలచుకుంటూ ఉన్నాను. అరగంటలో అయిదు రూపాయలూ నిన్నగాక మొన్న టంకశాలలోంచి వచ్చినట్టు మెరిశాయి. బావ ఫొటో తీసుకున్నాడు. గిన్నెలోని గోధుమరంగు నీళ్ళు పెరట్లో కరివేపాకు చెట్టుకు పోశాను. చెట్టుకూ కొంచెం మేలు జరగనీ అనుకున్నాను.

నా భార్య కూరగాయలు తెచ్చి, సంచి ఇంకా కింద పెట్టకుండానే బల్ల మీదికి చూసింది.

"గవి వదినె రూపాయిలు గాదా? పసుపేది?"

ఏ పసుపు అన్నాను.

"అత్తమ్మ వేలు వెట్టిన పసుపు."

అప్పటికి బావ చాయ్ కప్పు కింద పెట్టి, దుకాణం తెరవాలంటూ స్కూటరెక్కేశాడు. నా భార్య కూరగాయల సంచిని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. అక్క ఆ నాణేలను ఇన్నేళ్ళూ ఎందుకు కడగలేదో అప్పుడు చెప్పింది. ఆడవాళ్ళందరికీ తెలిసిన విషయమే అది. నాణేలు తళతళలాడుతున్నాయి, నేను వెలవెలబోతున్నాను.

ఆ తరవాత మేమిద్దరం చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కరివేపాకు చెట్టు మొదట్లో తడిసిన మట్టినంతా పారతో తీశాం. చాపమీద పరిచి, పిండి జల్లెడతో జల్లించాం. ఏం దొరుకుతుందనుకున్నామో తెలియదు. నీళ్ళలో కరిగిపోయిన వేలిముద్ర మట్టిలో గడ్డకట్టి దొరుకుతుందా? మధ్యాహ్నం ఎండలో ఆమె జల్లెడ ఊపుతుంటే నేను గుప్పిళ్ళు గుప్పిళ్ళుగా మట్టి పోశాను. మూడు చింతగింజలు, ఒక గాజుముక్క, మా కోడలిదో ఎవరిదో ఒక జడపిన్ను దొరికాయి. పసుపురంగులో కనిపించిన ప్రతి రేణువునూ అరచేతిలో పెట్టుకుని చూశాను. ఒకటి ఎండిన ఆకుముక్క. ఒకటి ఇసుక. నాలుగోసారి అదే మట్టిని మళ్ళీ జల్లించబోతే నా భార్య నా చెయ్యి పట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రానికి నా బుద్ధి మరో మెట్టు దిగింది. కొత్త పసుపు కలిపి నేనే వేలు పెడితే, ఎండబెడితే, కొంచెం టీ డికాషను చల్లితే పాతదానిలా కనిపించదా? నా బొటనవేలు చూసుకున్నాను. అద్దాలు కోసీ కోసీ దాని మీద గీతలే మిగలలేదు. రేషన్ దుకాణంలో మిషను మీద వేలు పెట్టిన ప్రతిసారీ అది నన్ను గుర్తుపట్టనంటుంది, డీలరు మళ్ళీ పెట్టమంటాడు. మిషనే నమ్మని వేలును అక్క నమ్ముతుందా? నా భార్యను పెట్టమని అడిగాను. అత్తమ్మ వేలు తనకెక్కడిదని లోపలికి వెళ్ళిపోయింది. నకిలీ నాణేలు చేసేవాళ్ళ గురించి విన్నాను. నకిలీ అమ్మను చేయబోయింది మాత్రం నేనొక్కణ్ణేనేమో.

సోమవారం దుకాణం తెరవకుండా హయత్‌నగర్ వెళ్ళాను. అక్కడ డిపో దగ్గర ఫుట్‌పాత్ మీద బట్ట పరిచి పాత నాణేలు, నోట్లు అమ్మే ముసలాయన ఒకాయన ఉంటాడు. మూట విప్పి చూపించాను. ఆయన బొమ్మ మీద వేలు పెట్టలేదు. అంచులు మాత్రం పట్టుకుని, వెలుతురుకు వాలుగా పెట్టి, అటూ ఇటూ తిప్పాడు. సన్నటి గీతలు వెంట్రుకల్లా నాకూ కనిపించాయి. ఎవరు తోమారని అడిగాడు. నా దోస్తు ఒకడు అన్నాను.

"నీ దోస్తు పౌడరు నీ గోర్లల్లున్నది," అన్నాడు.

చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. వాటిని మళ్ళీ పాతవాటిలా చేసే ఉపాయం ఏమైనా ఉందా అని అడిగాను. నా గొంతు నాకే బిచ్చమడుగుతున్నట్టు వినిపించింది. ఆయన నవ్వలేదు. అందుకు ఈరోజుకీ ఆయనకు దండం పెడతాను.

"నలుపంటే మురికి గాదు కాక. వెండికి దుప్పటసొంటిది. నువ్వు గుంజి పారేసినవ్. మళ్ళ కప్పుకుంటది, నీ మనుమల నాటికి. ఇంక ముట్టకు. అంచులు వట్టుకో. ప్లాస్టిక్‌ల వెట్టకు, కాయితంల చుట్టు, తేమ తగలనీయకు."

మరి పసుపు, అన్నాను.

"గది నన్నడుగకు. పైసల సంగతైతె నాకెరుక."

ఆయన చెప్పినవన్నీ చేశాను. నాణేలను ఒక్కొక్కటీ పలుచని తెల్లకాగితంలో చుట్టాను, ముట్టుకునేటప్పుడు పురిటిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా ముట్టుకున్నాను. దొంగలు పడి ఉన్నదంతా ఊడ్చుకుపోయాక కొత్త తాళం కొన్నవాడి జాగ్రత్త నాది. టేకుచెక్కతో పెట్టె చేశాను. నా చేతి మీదుగా ఇంతవరకు అంత మంచి పెట్టె రాలేదు. మూలలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. దాన్ని చూసినకొద్దీ నాకు దుఃఖం వచ్చేది.

ఒడిబియ్యానికి వారం రోజులుంది. ముందే వెళ్ళి చెప్పేయాలని నిశ్చయించుకుని యాచారం బస్సెక్కాను. నాణేనికి రెండు ముఖాలుంటాయి. అక్కకు చూపించడానికి నాకు ఒక్కటీ లేదు. బస్సులో చెప్పవలసిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. వెళ్ళేసరికి అక్క వాకిట్లో కందులు చెరుగుతోంది. జొన్నరొట్టె చేసి పెట్టింది. తిన్నాను. ఇంకొకటి వేసింది. అదీ తిన్నాను. పెట్టె అయిందా అని అడిగింది. అవుతోందన్నాను. రెండు రొట్టెలు మింగి, ఒక్కమాట కక్కలేక, అదే బస్సులో తిరిగొచ్చాను.

రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళాను. ఈసారి గడప దాటగానే చెప్పేయాలనుకున్నాను. అక్క పక్కింటావిడకు ఆ రూపాయల గురించే చెబుతోంది. నన్ను చూసి ఇంకా ఉత్సాహంగా చెప్పింది. మొదటి రూపాయి మీద అమ్మ వేలు సూటిగా, నిండుగా ఉంటుందట. మూడోదాని మీద పక్కకు జారి ఉంటుందట. అప్పుడు అక్క చంకలో ఉన్న బిడ్డ అమ్మమ్మ చెయ్యి పట్టి లాగిందట. ఇప్పుడు ఒడిబియ్యం పోయించుకోబోతున్న బిడ్డ ఆమే. అయిదోదాని మీద ముద్ర పలుచగా ఉంటుందట. అప్పటికి అమ్మ వేలికి నొక్కే బలం లేదు.

"చీకట్ల గూడ చెప్త, ఏది ఏ సారిదో," అంది అక్క. "వేలుతోని తడిమితె చాలు."

నేను మంచినీళ్ళడిగాను. తాగాను. పటానికి ఒకచోట కొలత తీసుకోవాలి, పనుందని లేచాను. రోడ్డు మీదికొచ్చాక బస్సు కోసం ఆగకుండా, మా ఊరివైపు చాలాదూరం నడిచాను. వెనకనుంచి వచ్చిన ఆటోవాడు ఎక్కమని రెండుసార్లు హారను కొట్టాడు. ఎక్కితే పక్కన కూర్చున్నవాళ్ళు నా మొహం చూస్తారని ఎక్కలేదు.

ఆ రోజు రానే వచ్చింది. అక్క ఇంటి ముందు షామియానా. బిడ్డ కొత్తచీర కట్టుకుని పీట మీద కూర్చుంది. మగవాళ్ళం మామూలుగానే బయట కుర్చీల్లో ఉండాలి. నేను మాత్రం పెట్టె పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. అక్క నవ్వుతూ అందుకుంది. అద్దం మూత మీద ఒక్క మరక లేదు. లోపల అయిదు రూపాయలూ చార్మినార్ల నాలుగు మినార్లతో సహా మెరుస్తున్నాయి. అక్క మూత తీసింది. మొదటి నాణెం మీద వేలితో తడిమింది. రెండోది. మూడోదాని దగ్గర ఆగిపోయింది.

"అమ్మ వేలు నీకు మురికి లెక్క కనవడ్డదా తమ్మీ?"

అవ్ అక్కా అన్నాను. నిజం చెప్పడానికి వారం రోజులుగా చాలా కష్టపడ్డాను, ఆఖరికి ఆ రెండు మాటలే మిగిలాయి.

అక్క కళ్ళు తుడుచుకోలేదు, అరవలేదు. పసుపు గిన్నె ఇటివ్వమంది. తన బొటనవేలు ముంచి మొదటి రూపాయి మీద నొక్కింది. వేలు తీయగానే పసుపు నూనె మీద నీళ్ళలా పక్కకు జారి, అంచుకు చేరింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ జారింది. అద్దంలా తోమాను కదా, పట్టుకోవడానికి వెండి మీద ఏమీ లేదు.

"అంటుతలేదు," అంది అక్క, ఎవరితోనూ కాకుండా.

రెంటికి ఎలాగో కొంచెం పట్టింది. మిగతా మూడూ ఉత్తవే బిడ్డ ఒడిలో పడ్డాయి. బియ్యం మీద పడినప్పుడు చప్పుడు కూడా రాలేదు. బిడ్డ తలవంచుకుని వాటినే చూస్తోంది. ఎవరో ఒక పెద్దావిడ, ఎవరైనా అలాంటివి తోముతారా అని మెల్లగా అంది. అప్పుడు నా వెనకనుంచి, గడప బయట నుంచి మా బావ గొంతు వినిపించింది.

"గసొంటియి ఎవడన్న తోముతడా? నా ఆల్బంల ఒక్క పైస నీళ్ళు జూడలే. తోముతె పాత వస్తువు ఇజ్జత్ పోతది. గింత తెల్వకపాయె మా బావకు."

అందరూ తలలూపారు. నేను వెనక్కి తిరిగి ఆయన మొహంలోకి చూశాను. ఆయన చేతిలోని లడ్డూలోకి చూశాడు. ఆ ఆదివారం తీసిన ఫొటోను ఆయన తన గ్రూపులో పెట్టాడట, అక్కడ తెలిసినవాళ్ళంతా నాలుగు వైపుల నుంచీ తిట్టిపోశారట. అది నా భార్యకు తరవాత తెలిసింది. ఆ తిట్లనే ఆయన శుభ్రంగా కడిగి, తెలివిగా మార్చి, నా మీద చెల్లించాడు. తోమించిన నోరు ఆయనదే. కానీ తోమిన చేతులు నావి. అక్క ముందు ఆ చేతులు ఇంకొకరి వైపు చూపించడానికి లేవలేదు.

అక్క ఆర్నెల్లు ఫోన్ చేయలేదు. ఆ ఆర్నెల్లూ మా ఇంట్లో కరివేపాకు వేసిన కూర నాకు గొంతు దిగలేదు. అక్క ఇప్పుడు ఫోన్ చేస్తోంది. వానల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుతుంది. అమ్మ గురించి మాత్రం నాతో మాట్లాడదు. ఆ మాట వచ్చేచోట చిన్నగా ఆగి, ఇంకోదానిలోకి వెళ్ళిపోతుంది. ఆగిన ఆ కాస్త సేపు ఎంతుంటుందో నాకు వెంట్రుకవాసి కొలత తెలుసు.

కిందటేడు మా బావకు వ్యాపారుల సంఘంవాళ్ళు సన్మానం చేశారు. శాలువా, పూలదండ, చేతిలో నాణేల ఆల్బం, మొహంలో వినయం. ఆ ఫొటోను గోడకు సరిపోయేంత పెద్దది చేయించి నా దుకాణానికి తెచ్చాడు. హాల్లో పెడతాడట, వచ్చేపోయేవాళ్ళు చూడాలట, అద్దం మీద ఈగ వాలినా జారిపోయేలా ఉండాలట. సరే బావా అన్నాను.

ఫొటోను పలక మీద పరిచి అద్దం అందుకోబోయేసరికి ఒక దోమ వచ్చి వాలింది. ఎక్కడెక్కడో తిరిగి, సరిగ్గా బావ ముక్కు కొన మీద కూర్చుంది. ముప్పై ఏళ్ళ అలవాటుకొద్దీ నా చెయ్యి గుడ్డ కోసం కదిలింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపాను. ఆ తరవాత చాలా నిదానంగా, అంచులు పట్టుకుని, అద్దాన్ని దించాను. వెనక అట్ట పెట్టి, చిన్నమేకులు కొట్టి, గోధుమరంగు కాగితం అంటించి, నాలుగు వైపులా మూసేశాను.

సాయంత్రం బావ వచ్చి పటాన్ని చేతులు చాపి దూరంగా పట్టుకుని చూసుకున్నాడు. దగ్గరికి తెచ్చాడు. చేతిరుమాలు తీసి పటంలోని తన ముక్కు మీద తుడిచాడు. ఉమ్మి తడి చేసి మళ్ళీ తుడిచాడు. గోటితో గీకాడు.

"లోపలున్నది బావా," అన్నాను.

"మరి ఇప్పి తుడువరాదు?"

"తుడువొచ్చు. తోముతె ఇజ్జత్ పోతదని నువ్వే అంటివి గద."

ఆయన నా వైపు చూశాడు. పటాన్ని చంకలో పెట్టుకుని స్కూటరెక్కాడు. ఆ పటం ఇప్పుడు హయత్‌నగర్‌లో వాళ్ళ హాల్లో ఉంది. వెళ్ళినప్పుడల్లా నేను దానికి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చుని చాయ్ తాగుతాను.